డేరా తెర నుంచి ఇంటి గోడ దాకా



ఇంట్లో గోడ మీద సినిమా వేసుకునే యంత్రం, అంటే హోం థియేటర్ ప్రొజెక్టరు, ఈమధ్య మన సరిహద్దు ఊళ్లలోకి కూడా వచ్చింది. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు ఏ ఊరు తీసుకున్నా ఏదో ఒక వీధిలో ఒక ఇంట్లో ఉంటుంది. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి అని నన్ను అడిగేవాళ్లు కూడా ఉన్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పంతుల్ని. యంత్రాల సంగతి నాకేం తెలుసునని మీరు అనుకోవచ్చు. నిజమే, తెలియదు. తెలియకుండానే కొన్నాను. మోసపోయాను. అందులోంచి నన్ను బయటపడేసిన మనిషి మా మేనమామ. ఆయన హోసూరు తాలూకాలో, అటు కన్నడ సీమ అంచు ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా టూరింగ్ టాకీసు ఆపరేటరుగా పనిచేశాడు. ఇప్పుడు ఎనభై దాటింది. కాలు సాగదు. ఆయన్ను పట్నంలో హాలుకు తీసుకుపోలేక, హాలునే ఇంటికి తెద్దామని నేను ఆ యంత్రం కొన్నాను.

అట్టపెట్టె మీద 9000 ల్యూమెన్లు అని ఉంది. 4కె అని ఉంది. ఖరీదు ఏడు వేలు. సాయంత్రం ఆరింటికి ముందుగదిలో గోడ మీద బొమ్మ వేశాను. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. గోడ మీద ఏవో పొగ మరకల్లాగా మనుషులు కదిలారు. మామ కాసేపు చూసి, "ఏమప్పా, కార్బన్ అంటించడం మరిచినావా?" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఈ యంత్రం చరిత్ర చాలావరకు ఉంది. తెర మీద బొమ్మ పడేసే విద్యకు మూడున్నర శతాబ్దాల వయసు. ఇన్నేళ్లలో కటకం మారింది, ఫిల్ము వచ్చి పోయింది, శబ్దం చేరింది. కానీ దీన్ని నడిపినవాళ్లందరి తపన ఒక్కటే. చాలినంత వెలుగు ఎక్కడ దొరుకుతుంది? దొరికిన వెలుగును తెర దాకా ఎలా చేర్చాలి?

హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659 ప్రాంతంలో మాయాదీపం అనదగ్గ ఒక పెట్టెను తయారుచేశాడు. ఒక దీపం, దాని ముందు గాజుపలక మీద గీసిన బొమ్మ, దాని ముందు కటకం. అంతే. ఇవాళ మీరు దుకాణంలో చూసే ప్రొజెక్టరులోనూ ఇవే మూడు భాగాలు ఉంటాయి. దీపం, బొమ్మ, కటకం. నూనెదీపం వెలుగుకు తెర చిన్నదిగా ఉండాలి, గది కటిక చీకటిగా ఉండాలి. కొందరు ప్రదర్శకులు పలుచని గుడ్డ వెనక నుంచి బొమ్మ వేసేవాళ్లు. గుడ్డను నీళ్లతో తడిపితే వెలుగు బాగా ఇవతలికి వస్తుందని వాళ్లు కనిపెట్టారు.

ఈ విద్య మన దేశంలో కూడా బాగానే నాటుకుంది. మహారాష్ట్రలో ఉన్న శ్రోతలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బొంబాయి దగ్గర కల్యాణ్‌లో మహాదేవ పట్వర్ధన్ అనే ఆయన 1890లలో 'శాంబరిక ఖరోలిక' పేరుతో మాయాదీప ప్రదర్శనలు ఇచ్చాడు. గాజుపలకల మీద చేతితో రంగులు వేసిన పురాణకథల బొమ్మలు, వాటిని వెనకా ముందూ కదిపి కదలిక తెప్పించడం, పక్కన కథ చెప్పడం, పాట. మన తోలుబొమ్మలాట తెలిసినవాళ్లకు ఇందులో వింత ఏమీ లేదు. తోలుబొమ్మలో దీపం వెనక ఉంటుంది, బొమ్మ తెరకు ఆనుకుని ఉంటుంది. మాయాదీపంలో బొమ్మ దీపం దగ్గర ఉంటుంది, తెర దూరంగా ఉంటుంది. మధ్యలో కటకం చేరింది. అందుకే కాబోలు, సినిమా వచ్చినప్పుడు మనవాళ్లు దాన్ని 'బొమ్మ' అనే పిలిచారు. ఇప్పటికీ "బొమ్మ పడింది" అనే అంటాం.

1895 డిసెంబరు 28న పారిస్‌లో ల్యూమియేరు సోదరులు డబ్బు తీసుకుని కదిలే బొమ్మలు చూపించారు. ఆరు నెలలు తిరిగేసరికి, 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో అదే ప్రదర్శన జరిగింది. టిక్కెట్టు ఒక రూపాయి. ఆ రోజుల్లో రూపాయి అంటే సామాన్యుడి అందుబాటులో లేని డబ్బు. ఆ మరుసటి సంవత్సరమే, 1897 మే 4న, పారిస్‌లో ఒక ధర్మార్థ సంతలో సినిమా దీపంలో ఈథరు నింపుతుండగా మంటలు లేచి 126 మంది చనిపోయారు. వెలుగు కోసం పడ్డ తపనలో ప్రాణాలు కూడా పోయాయి. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసింది. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 1950ల మొదట్లో అంత తేలిగ్గా అంటుకోని ఫిల్ము పూర్తిగా వచ్చేదాకా ఆపరేటరు గది అంటే నిప్పుల కొలిమి పక్కన మందుగుండు సామాను పెట్టుకున్నట్టే. ఆ గదికి ఇనుప రేకులు, బయటికి తెరుచుకునే తలుపు, ఇసుక బాల్చీలు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

ఇక దక్షిణాదికి వద్దాం. తిరుచ్చిలో రైల్వే కంపెనీలో గుమస్తా పని చేస్తున్న సామికన్ను విన్సెంట్, 1905లో ద్యుపాఁ అనే ఒక ఫ్రెంచి ప్రదర్శకుడి దగ్గర ప్రొజెక్టరు, కొన్ని ఫిల్ములు కొన్నాడు. ఉద్యోగం మానేశాడు. డేరా వేసుకుని ఊరూరా తిరిగాడు. తరువాత 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టాడు. ఆ వీధికి ఇప్పటికీ ఆ హాలు పేరే. రైల్వే గుమస్తా ఉద్యోగమంటే ఆ కాలంలో పిల్లనిచ్చేవాళ్లు వరసలో నిలబడే ఉద్యోగం. దాన్ని వదిలి గుడ్డ డేరా పట్టుకుని తిరగడానికి ఎంత తెగువ కావాలో ఆలోచించండి.

అంత తెగువ మన తెలుగువాడు కూడా చూపించాడు. రఘుపతి వెంకయ్య 1869లో బందరులో పుట్టి, మద్రాసు వెళ్లి ఫోటో స్టూడియో పెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఫోటోగ్రాఫరు కాబట్టి వెలుగు విలువ తెలిసినవాడు. 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించాడు. ఇది గోమాఁ అనే ఫ్రెంచి కంపెనీ చేసింది. ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు గ్రామఫోను పళ్లెం నుంచి శబ్దం, రెండూ కలిసి నడవాలి. టాకీలు రావడానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది. దానికోసం వెంకయ్య తన స్టూడియోనే తాకట్టు పెట్టాడు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు ఇచ్చి, ఆ తరువాత బెంగుళూరు మొదలుకొని సింహళం, బర్మా దాకా యంత్రాన్ని మోసుకుని తిరిగాడు. వచ్చిన డబ్బుతో మద్రాసులో గెయిటీ, తరువాత క్రౌన్, గ్లోబ్ హాళ్లు కట్టించాడు. కొడుకు రఘుపతి ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకోవడానికి విదేశాలకు పంపాడు. 1941లో వెంకయ్య కన్నుమూశాడు. ఆయన పేరు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో అవార్డు పెట్టింది. అవార్డు పుచ్చుకున్నవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. ఆయన ఎడ్లబండ్ల మీద, రైలు పెట్టెల్లో, ఓడల్లో యంత్రం మోసిన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు.

యానాం శ్రోతలకు ఒక మాట. ల్యూమియేరు, గోమాఁ, పాథే, ఈ పేర్లన్నీ ఫ్రెంచివారివే. యానాం కూడా 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. ఫ్రెంచి యంత్రం పట్టుకుని తిరిగిన తెలుగువాడు మాత్రం ఇంగ్లీషువాళ్ల మద్రాసు నుంచి బయలుదేరాడు. చరిత్రలో ఇలాంటి వంకరలు మామూలే.

ఆ రోజుల్లో మద్రాసు రాజధాని అంటే ఎంత! ఇటు బళ్లారి, అటు గంజాం బరంపురం, కింద సేలం జిల్లాలో ఉన్న హోసూరు, అన్నీ ఒకే గొడుగు కింద ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడి బరంపురం అటు వెళ్లింది. 1953లో బళ్లారి మైసూరులో కలిసింది. హోసూరు తమిళనాట ఉండిపోయింది. మనుషులు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు, గీతలు కదిలాయి. బడిలో భాష మారింది, కచేరీలో భాష మారింది. డేరాలో మాత్రం తెలుగు బొమ్మ పడేది. తమిళులు టెంట్ కొట్టగై అంటారు, కన్నడిగులు టెంట్ సినిమా అంటారు, మనం డేరా హాలు అన్నాం. ఇంటి బయట, పెళ్లిపందిరి బయట, తెలుగు గట్టిగా వినిపించే చోటు మా ఊళ్లో అదొక్కటే. అందుకే మామ ఉద్యోగం నాకు చిన్నప్పుడు తహసీల్దారు ఉద్యోగం కంటే పెద్దదిగా కనిపించేది.

టూరింగ్ టాకీసుకు లైసెన్సు కొన్నాళ్లకే ఇచ్చేవాళ్లు. మద్రాసు రాష్ట్రంలో 1955 నాటి సినిమాల చట్టం, కర్ణాటకలో 1964 నాటి చట్టం. గడువు తీరగానే డేరా పీకాలి, ఇంకో ఊరు పోవాలి. కొత్త ఊళ్లో మొదటి పని ఏమిటని నేను మామను అడిగాను. "తెర గుంజలు పాతడం" అన్నాడు. యంత్రం సంగతి తరువాత. ముందు తెర ఎక్కడో తేల్చాలి. పడమటి వెలుగు తెర మీద పడకూడదు, పక్కనున్న బస్సు స్టాండు దీపం పడకూడదు, గాలి ఎదురు రాకూడదు. ఆ తరువాత తెర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడవాలి. ఆయన దగ్గర నాలుగంగుళాల కటకం ఉండేది. ఫిల్ములో బొమ్మ వెడల్పు 21 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఐదింట నాలుగు వంతుల కంటే కొంచెం ఎక్కువ. కటకం నిడివిని ఆ వెడల్పుతో భాగిస్తే ఐదుకు కొంచెం తక్కువ వస్తుంది. అంటే తెర 15 అడుగుల వెడల్పు ఉంటే యంత్రం సుమారు 73 అడుగుల దూరంలో ఉండాలి. మామ బడిలో ఆరో తరగతి దాటలేదు. ఈ లెక్క ఆయనకు కాళ్లలో ఉండేది.

ఇదే లెక్కను ఇప్పటి కంపెనీలు 'త్రో రేషియో' అని కాగితం మీద వేసి ఇస్తాయి. బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో యంత్రం ఉండాలో చెప్పే అంకె అది. వంద అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు వంద అంగుళాలు. ఇప్పటి సినిమా ఆకారంలో దాని వెడల్పు 7 అడుగుల 3 అంగుళాలు, ఎత్తు 4 అడుగుల 1 అంగుళం. యంత్రం అంకె 1.2 అయితే గోడకు తొమ్మిది అడుగులకు కొంచెం తక్కువ దూరంలో పెట్టాలి. 1.5 అయితే దాదాపు 11 అడుగులు. మీ గది పది అడుగులే అయితే రెండో యంత్రం మీకు పనికిరాదు, ఎంత మంచిదైనా సరే. గోడకు రెండడుగుల్లోపే పెట్టగలిగే రకం కూడా వచ్చింది, అంకె 0.25 దగ్గర ఉంటుంది. దానికి గోడ చదునుగా ఉండాలి, ఏ కాస్త గుంట ఉన్నా బొమ్మ వంకర పోతుంది. ధర కూడా ఎక్కువే. కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు టేపు పట్టుకుని గది కొలుచుకోవాలి. నేను కొలవలేదు.

ఇక వెలుగు. డేరాలో యంత్రం వెనక పెట్టెలో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉండేవి. కరెంటు పెట్టి రెండింటినీ ఒకసారి తాకించి కొంచెం దూరం జరిపితే మధ్యలో కన్ను చూడలేని వెలుగు పుడుతుంది. మూడువేల ఐదొందల డిగ్రీలు దాటిన వేడి. వెనక పుటాకారపు అద్దం ఆ వెలుగును ఫిల్ము మీదికి కూడగట్టేది. కడ్డీలు అరుగుతూ ఉంటాయి, ఎడం పెరుగుతుంది, పెరిగితే వెలుగు ఎర్రబారుతుంది. ఆపరేటరు నల్లగాజులోంచి చూస్తూ నిమిష నిమిషానికీ మర తిప్పుతూ ఎడం సరిచెయ్యాలి. పక్కన ఫిల్ము క్షణానికి 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు పరుగెత్తుతుంటుంది. ఎక్కడైనా ఫిల్ము ఆగి దీపం పడుతూ ఉంటే ఆ బొమ్మ కాలి బుడగలెక్కడం తెర మీదే కనిపించేది. నేల టిక్కెట్టు వాళ్లు ఈలలు వేసేవాళ్లు. 16 వేల అడుగుల బొమ్మ అంటే మూడు గంటలు. పట్నం హాళ్లలో రెండు యంత్రాలు, ఒక రీలు అయిపోగానే రెండోది అందుకునేది. డేరాలో ఒకటే. మామ రీళ్లు అతికించి నాలుగు పెద్ద చుట్లు చేసేవాడు. అందుకే మన డేరాల్లో మూడు ఇంటర్వెళ్లు. వేరుశెనక్కాయలవాడికి మేలు.

ఆ ఇరవై ఏళ్ల తరువాత ఆయన కుడికన్ను మసక. కార్బన్ వెలుగు వల్లనే అని ఆయన అంటాడు, డాక్టరు శుక్లం అన్నాడు. ఇద్దరి మాటా నేను విన్నాను.

వెలుగును కొలిచే మాట ల్యూమెన్. దీపం నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగుకు అది కొలత. ఇందులో ఒక తిరకాసు ఉంది. లోపల దీపం దగ్గర కొలిస్తే ఒక అంకె, కటకం దాటి తెర మీద పడ్డాక కొలిస్తే చాలా తక్కువ అంకె. తెరను తొమ్మిది గళ్లుగా విభజించి ఒక్కో గడిలో కొలిచి సగటు తీయాలని 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. ఆ పద్ధతిలో కొలిచినదే ఆన్సీ ల్యూమెన్. తరువాత అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అది ఐఎస్ఓ 21118. అట్టపెట్టె మీద ఒట్టి ల్యూమెన్ అని పెద్ద అంకె వేసి ఈ రెండు పేర్లలో ఏదీ లేకపోతే ఆ అంకెను నమ్మకండి.

మా మనవడు సెల్‌ఫోనులో వెలుగు కొలిచే సాధనం పెట్టి నా గోడ మీద తొమ్మిది చోట్ల కొలిచాడు. సెల్‌ఫోను కొలత కచ్చితమైనది కాదు, ఒక అందాజు మాత్రం ఇస్తుంది. సగటున 60 లక్సు వచ్చింది. వంద అంగుళాల తెర విస్తీర్ణం రెండూముప్పావు చదరపు మీటర్లు. 60ని దానితో గుణిస్తే 165. తొమ్మిది వేలు అని రాసిన పెట్టెలోంచి గోడ మీదికి వచ్చిన వెలుగు 165 ల్యూమెన్లు.

ఎంత కావాలి మరి? సినిమా హాలు తెర మధ్యలో 16 ఫుట్-లాంబర్టుల వెలుగు ఉండాలని ఫిల్ము కాలంలో అమెరికా సినిమా ఇంజనీర్ల సంఘం ప్రమాణం. మామూలు తెల్ల తెర మీద అయితే చదరపు అడుగుకు 16 ల్యూమెన్లు అని అర్థం. వంద అంగుళాల తెర సుమారు 30 చదరపు అడుగులు. 480 ల్యూమెన్లు చాలు. నిజమైన 480. చీకటి గదిలో నిజమైన వెయ్యి ల్యూమెన్ల యంత్రం ఉంటే దివ్యంగా ఉంటుంది. తెరను 150 అంగుళాలకు పెంచితే విస్తీర్ణం రెండుంపావు రెట్లు అవుతుంది, అప్పుడు అదే వెయ్యి దాదాపుగా సరిపోతుంది. పెద్ద తెర మోజు ఉన్నవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

కానీ మొదటిరోజు నా బొమ్మ పొగమరకలా ఉండడానికి యంత్రం ఒక్కటే కారణం కాదు. ట్యూబులైటు వల్ల గోడ మీద 50 లక్సు పడుతోంది. యంత్రం వేసేది 60. బొమ్మలో తెలుపు 110, నలుపు 50. రెండింటికీ తేడా రెండింతలే. ప్రొజెక్టరు నలుపును వెయ్యలేదు, శ్రోతలు ఇది గమనించాలి. వెలుగు వెయ్యకుండా ఊరుకోవడమే దానికి తెలిసిన నలుపు. గోడ ఎంత చీకటిగా ఉంటే అంత నలుపు. ఈ ఒక్క సంగతి కోసమే డేరా మొదటి ఆట పొద్దుగూకాక మొదలయ్యేది. మామ ఆ రాత్రి లేచి వెళ్లి ట్యూబులైటు ఆర్పాడు, కిటికీకి దుప్పటి కట్టమన్నాడు, దేవుడి గదిలో దీపం ఉంటే తలుపు దగ్గరగా వేయమన్నాడు. అదే యంత్రం, అదే 165 ల్యూమెన్లు. తెరను అరవై అంగుళాలకు తగ్గించాం. మనుషులు మనుషుల్లా కనిపించారు.

ఫిల్ము నుంచి ఇప్పటి యంత్రం దాకా వచ్చిన దారిని కొంచెం త్వరగా దాటుతాను. 1923లో కోడక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల చిన్న ఫిల్ము తెచ్చింది. ప్రచారశాఖ వ్యాను వచ్చి బడి గోడ మీద వేసిన బొమ్మలు అవే. 1970లలో అమెరికాలో హెన్రీ క్లాస్ అనే ఆయన మూడు టీవీ గొట్టాలతో ఇంటి ప్రొజెక్టరు చేశాడు, ఏడడుగుల తెరతో సహా. కొనగలిగినవాళ్లు ధనికులే. 1989లో జపాను కంపెనీలు ఎప్సన్, షార్ప్ ద్రవస్ఫటికాల పలకతో, అంటే ఎల్‌సీడీతో, ప్రొజెక్టర్లు అమ్మకానికి పెట్టాయి. 1987లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ఇంజనీరు లారీ హార్న్‌బెక్ ఇంకో దారి పట్టాడు. గోరంత పలక మీద లక్షల కొద్దీ అతిచిన్న అద్దాలు, ఒక్కొక్కటీ అటూ ఇటూ వాలుతూ బొమ్మ గీస్తాయి. డీఎల్‌పీ అనే పేరుతో 1996లో అది అంగట్లోకి వచ్చింది. హార్న్‌బెక్‌కు 2015లో ఆస్కారు సాంకేతిక పురస్కారం ఇచ్చారు. దీపం విషయంలో, నీలి ఎల్ఈడీ కనిపెట్టిన, జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ వచ్చింది. తెల్లని ఎల్ఈడీ వెలుగుకు ఆ నీలమే పునాది. 2000 తరువాత పదిహేనేళ్లలో మన హాళ్లలో ఫిల్ము పోయింది. అంతకు ముందే డేరాలు పోయాయి. మామ చివరికి ఒక రైసుమిల్లులో మోటారు చూసే పనిలో కుదిరాడు.

రెండోసారి కొనేటప్పుడు ఆయన్ను అడిగే కొన్నాను. నేను అడిగిన ప్రశ్నలు మీకూ పనికొస్తాయి. యంత్రంలో సొంతంగా ఎన్ని చుక్కలు ఉన్నాయి? పెట్టె మీద 4కె అని ఉండొచ్చు. 4కె బొమ్మను అది తీసుకోగలదని మాత్రమే దాని అర్థం కావచ్చు. నా మొదటి యంత్రంలో ఉన్నవి 1280 నిలువు వరసలు, 720 అడ్డ వరసలు. ఇంటికి 1920, 1080 ఉంటే చాలు. దీపం ఏది? పాదరసపు దీపమైతే మూడు నుంచి ఐదు వేల గంటలకు మార్చాలి, దాని ధర ముందే అడగాలి. దాన్ని ఆర్పాక ఫ్యాను తిరిగి చల్లబడేదాకా ప్లగ్గు పీకకూడదు. మన ఊళ్లలో కరెంటు చెప్పి పోదు కాబట్టి చిన్న యూపీఎస్ ఉంచుకోవడం మంచిది. ఎల్ఈడీ, లేజరు దీపాలకు ఇరవై వేల గంటలని చెబుతారు, అవి దీపం మార్చే పని లేకుండా యంత్రంతో పాటే నడుస్తాయి.

పెట్టే పద్ధతిలో మామ మొండిపట్టు పట్టిన విషయం ఒకటుంది. యంత్రం తెరకు సూటిగా ఉండాలి. కింద పెట్టి ముక్కు పైకెత్తితే బొమ్మ పైన వెడల్పు, కింద ఇరుకు అవుతుంది. ఇప్పటి యంత్రాల్లో 'కీస్టోన్' అనే మీట నొక్కితే సరి అవుతుంది. నేను నొక్కాను. ఆయన దగ్గరికొచ్చి చూసి అక్షరాల అంచులు నలిగాయన్నాడు. నిజమే. ఆ మీట నొక్కినప్పుడు యంత్రం తన చుక్కల్లో కొన్నింటిని ఖాళీగా వదిలి, మిగిలినవాటిలో బొమ్మను కుదిస్తుంది. డేరాలో కూడా ఈ వంకర వచ్చేది. ఫిల్ము వెనక గేటులో ఉండే చదరపు రంధ్రపు రేకును ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి బొమ్మ అంచులు సరిచేసేవాళ్లు. నలుపు గుడ్డ అంచు మిగతాది కప్పేది. ఇంట్లో దానికంటే తేలిక, సరైన ఎత్తులో బల్ల వేసుకోవడమే. కటకాన్ని పైకీ కిందికీ జరిపే ఏర్పాటు ఉన్న యంత్రం దొరికితే మరీ మంచిది.

గోడకు మెరుపు లేని తెల్లరంగు వెయ్యాలి. సున్నంలో నీలిమందు కలిపే అలవాటు మనకుంది, అది ఇక్కడ పనికిరాదు, ముఖాలు నీలి రంగుకు తిరుగుతాయి. బొమ్మ చుట్టూ నాలుగంగుళాల నల్లగుడ్డ అంచు కట్టండి, ఖర్చు వంద రూపాయలు కాదు, బొమ్మ నిండుదనం వేరు. కూర్చునేవాళ్లు వంద అంగుళాల తెరకు పది నుంచి పదమూడు అడుగుల దూరంలో ఉంటే కళ్లకు హాయి. శబ్దం యంత్రంలోంచి మీ వెనక నుంచి వస్తే మాట ఒకచోట, మనిషి ఒకచోట అవుతుంది. హాళ్లలో తెరకు సన్నని రంధ్రాలు ఉంటాయి, స్పీకర్లు దాని వెనక ఉంటాయి. ఇంట్లో తెర కింద, రెండు పక్కలా పెడితే చాలు. ఖాళీ గది గింగురుమంటుంది, ఒక బొంత, ఒక పరదా ఉంటే తగ్గుతుంది.

రెండో యంత్రం తెచ్చాక ఆ ఆదివారం రాత్రి ఒక పాత తెలుగు బొమ్మ వేశాం. వీధిలో పిల్లలు పదిమంది వచ్చారు. వాళ్లలో సగానికి తమిళం మీడియం, తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. మామ కుర్చీని యంత్రం పక్కకే వేయించుకున్నాడు. బొమ్మకంటే ఎక్కువగా యంత్రాన్నే చూస్తూ కూర్చున్నాడు. గంట గడిచాక ఫ్యాను చప్పుడు పెరిగిందన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉంది. గాలి తీసుకునే జాలి వైపు దుప్పటి అంచు పడి ఉంది, తీసేశాను. ఇప్పుడు నెలకోసారి ఆ జాలిని కుంచెతో తుడవడం ఆయన తన పనిగా పెట్టుకున్నాడు.